చిట్టెమ్మ డైరీ: తిండి మానేసిన సాలీడు, నిద్ర మానేసిన నేను

జూన్ 11

చిట్టెమ్మ ఆఖరిసారి తిన్నది మే 14న. ఒక కీచురాయి, అదీ సగం నమిలి వదిలేసింది. ఇవాళ్టికి సరిగ్గా నాలుగు వారాలు.

కొత్తగా చదివేవాళ్ళకి: చిట్టెమ్మ అంటే మా ఇంట్లో గాజుపెట్టెలో ఉండే టరాంటులా, ఒంటినిండా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. చాకో గోల్డెన్ నీ (బంగారు మోకాలు) రకం, శాస్త్రీయ నామం గ్రామోస్టోలా పుల్క్రిపెస్. పరాగ్వే, అర్జెంటీనా వైపు పరుచుకున్న చాకో మైదానాలు దీని సొంతూరు. మోకాళ్ళ మీద పసుపు చారలు, పండక్కి గడపకి రాసినట్టు. ఐదేళ్ళ కిందట విజయవాడ మిత్రుడొకడు ఇచ్చినప్పుడు అర్ధరూపాయి బిళ్ళంత ఉండేది. ఇప్పుడు కాళ్ళు చాపితే నా అరచేతిలో పట్టదు. అరచేతిలో పెట్టుకుంటానని కాదు. ఎప్పుడూ పెట్టుకోను. రెండడుగుల ఎత్తు నుంచి కింద పడినా దాని పొట్ట పగిలిపోవచ్చు.

నేను పనిచేసే ప్లాంటులో ఫోటో చూసిన ప్రతివాడూ అడుగుతాడు, "మన గుత్తి సాలీడేనా ఇది?" అని. కాదు. ఆ నీలం సాలీడు, పోసిలోథీరియా మెటాలికా, వేరే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాతో. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. అంతరించిపోయే అంచున ఉంది. దాన్ని చెట్టు తొర్రలోనే ఉండనివ్వాలి, విశాఖ కూర్మన్నపాలెంలో రెండో అంతస్తులో కాదు.

ఇవాళ చూసినవి: రంగు వెలిసిపోయింది. పొట్ట మీద వెంట్రుకలు రాలిన చోట బట్టతల మచ్చ, లేత రంగులో. కుండపెంకు కింద మూలకి తిరిగి కూర్చుంది. నీళ్ళ మూత ముట్టలేదు.

మామ్మ తీర్పు వెంటనే వచ్చింది. "తిండి మానేసి మూల కూకుంది. కడుపుతో ఉందేటిరా?"

జూన్ 19

నేను చేసేది ఉక్కు ఫ్యాక్టరీలో, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, అంటే మీటర్లు, సెన్సార్లు చూసుకునే పని. తెలియని చోట మీటరు పెట్టడం అలవాటు. కాబట్టి మీటర్లు పెట్టాను.

ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు ఒకటి, దానికి ఒక డీహెచ్‌టీ22 సెన్సారు, పెట్టె మూతకి లోపలివైపు. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత, తేమ రాసుకుంటుంది. తెర పగిలిన పాత ఫోను ఒకటి స్టాండు మీద, నిమిషానికో ఫోటో. రాత్రికి ఎర్ర ఎల్ఈడీ, దానికో పొర ట్రేసింగ్ పేపరు. ఎరుపు సాలీళ్ళ కంటికి పెద్దగా ఆనదు. ఎనిమిది కళ్ళున్నా దాని చూపు అంతంతమాత్రమే. లోకాన్ని అది కాళ్ళ మీది వెంట్రుకలతోనే తెలుసుకుంటుంది, గాలి కదిలినా నేల అదిరినా.

పెట్టె గురించి కూడా రాస్తా, చాలామంది అడిగారు. గాజువాకలో గాజు షాపులో చేయించిందే (ఊరి పేరు సార్థకం). 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. లోపల కొబ్బరిపొట్టు 12 సెంటీమీటర్లు, ఒక కుండపెంకు, నీళ్ళకి సీసా మూత. మూతకి స్టీలు జల్లెడ.

ఇంకో పని చేశాను, అసలు ఐదేళ్ళ కిందటే చేయాల్సింది. ఆ గదిలో ప్లగ్గుకి పెట్టే దోమల మందు తీసేశాను. అందులో ఉండేవి పైరిథ్రాయిడ్ జాతి మందులు. దోమ నరాలని పట్టి చంపేది సాలీడు నరాలని వదులుతుందా? ఇకనుంచి దోమతెర. వీధిలో దోమల మందు పొగబండి చప్పుడు వినపడితే కిటికీ మూసి, పెట్టె మీద తడిబట్ట. నాన్నకి ఇది నచ్చలేదు. "సాలీడు కోసం మనం దోమలకి రక్తదానమా?" అని సణిగాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

జూన్ 28

బట్టతల మచ్చ నల్లబడింది. నిగనిగలాడుతోంది, కొత్త టైరులా.

ఇది రోగం కాదు. కొత్త చర్మం లోపల తయారవుతోంది, దాని వెంట్రుకలు పాత చర్మం కిందనుంచి నల్లగా కనపడుతున్నాయి. కుబుసం విడవబోతోందన్నమాట. రంగు వెలవడం, తిండి మానడం, మూల కూర్చోవడం, అన్నిటికీ ఒకటే జవాబు. పోయినసారి కుబుసం విడిచి పద్నాలుగు నెలలైంది.

పెట్టెలో మిగిలిన కీచురాయిని పట్టుకుని తీసేశాను. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కుబుసం విడిచేటప్పుడు సాలీడు ఒళ్ళు వెన్నలా మెత్తగా ఉంటుంది. ఆకలేసిన కీచురాయి దాన్నే కొరుక్కుతింటుంది.

జూలై 6

సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి డ్యూటీలో ఉన్నాను. తెల్లవారుజామున 5:20కి ఫోను.

"ఒరే, నీ చిట్టెమ్మ ఎల్లకిలా పడిపోనాదిరా. కాళ్ళు పైకెట్టీసింది. సచ్చిపోనాది గావాల."

"ముట్టుకోకు మామ్మా. పెట్టె కదపకు. ఫ్యాను ఆపెయ్, అంతే."

"ఆపీసానులే. పసుపునీళ్ళు జల్లమంటావేటి?"

"వద్దు!"

ఇంటికొచ్చేసరికి 6:35. బ్యాగు కూడా దింపకుండా పెట్టె ముందు కూర్చున్నా.

టరాంటులా వెల్లకిలా పడుకుంటే బతికి ఉన్నట్టు. బోర్లా ఉండి, కాళ్ళన్నీ పొట్ట కిందకి పిడికిలిలా ముడుచుకుంటే, అప్పుడు భయపడాలి. కారణం మా ఖాతా వ్యవహారమే: హైడ్రాలిక్ ప్రెజరు. సాలీడు కాలిలో రెండు ముఖ్యమైన కీళ్ళకి ముడిచే కండరాలున్నాయి, చాపే కండరాలు లేవు. ఒంట్లో ద్రవాన్ని ఒత్తిడితో కాళ్ళలోకి నెట్టి చాపుతుంది. నీళ్ళు తగ్గినా ప్రాణం తగ్గినా ప్రెజరు పడిపోతుంది, కాళ్ళు వాటంతటవే ముడుచుకుపోతాయి. లైను ప్రెజరు పోయిన సిలిండరు స్ప్రింగు బలానికి వెనక్కి వచ్చినట్టు. ఆ ద్రవం కూడా మన రక్తంలా ఎర్రగా ఉండదు. ఇనుముకి బదులు రాగి ఉంటుంది కాబట్టి గాలి తగిలితే నీలి ఛాయ వస్తుంది.

నేను చూసేసరికి తల పైభాగం డబ్బామూతలా లేచి ఉంది. పక్కలు చిట్లాయి. కాళ్ళు బయటికి వస్తున్నాయి, ఎనిమిదీ ఒకేసారి, తడి చేతికి ఇరుక్కున్న రబ్బరు గ్లవ్వు లాగినట్టు. ఒక తోపు. తర్వాత నిమిషం, నిమిషంన్నర విశ్రాంతి. మళ్ళీ తోపు. ఒక్కో తోపుకి రెండు మిల్లీమీటర్లు జరిగితే గొప్ప. కొత్త కాళ్ళు లేత బూడిద రంగు, మోకాళ్ళ చారలు మాత్రం కొత్త బంగారం. కోరలు పాలపళ్ళంత తెల్లగా.

7:50కి మొత్తం బయటపడింది. ఫోనులో ఫోటోలు చూస్తే వెల్లకిలా తిరిగింది 3:05కి. దాదాపు ఐదు గంటలు.

మామ్మ వచ్చి విడిచిన కుబుసం చూసింది. "రెండయ్యాయిరా," అంది. బిడ్డ పుట్టిందనే ఇంకా ఆమె నమ్మకం.

జూలై 30

మూడు వారాలు దాటాయి. కోరలు తెలుపు నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి నలుపుకి వచ్చాయి. కోర నల్లబడకముందు పురుగు వెయ్యకూడదు, కోర వంగిపోతుంది.

ఇవాళ చిన్న డూబియా బొద్దింకని వేశాను. కుబుసం విడిచిన టరాంటులా ఆకలికి కనపడిందాని మీద పడుతుందని అందరూ చెబుతారు. చిట్టెమ్మ దాన్ని ముందుకాలితో తట్టి, పక్కకి జరిగి, దారి ఇచ్చింది.

ఆగస్టు 9

తిండి లేదు. పైగా కొత్త గొడవ. ఐదేళ్ళు రాయిలా కూర్చున్న జీవి ఇప్పుడు రాత్రి 9 కొట్టగానే నడక మొదలెడుతుంది. గోడ వెంట చుట్టూ తిరుగుతుంది, గాజెక్కి మూత జల్లెడ పట్టుకుని వేలాడుతుంది, దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. పోయిన రాత్రి నిమిషానికో ఫోటో చొప్పున లెక్కేస్తే 9 నుంచి 4 దాకా 420 ఫోటోల్లో 288 గోడ మీదో మూత మీదో ఉన్నవే.

నేల మీద బతికే టరాంటులా గోడ పట్టుకుని వేలాడుతోందంటే మొదటి అనుమానం నేల మీదకే పోతుంది. పొట్టు తడిగా ఉంటే కాలు పెట్టబుద్ధి కాదు దానికి. చాకో పొడి దేశం. మన ఊరు ఆగస్టులో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆరేసిన బట్ట మూడోరోజు కూడా ఆరదు, ఉప్పు సీసాలో ముద్దవుతుంది. సెన్సారు 88 శాతం చూపిస్తోంది.

పొట్టు మొత్తం తీసి డాబా మీద ఎండబెట్టాను (మధ్యలో వాన, పరుగో పరుగు). మళ్ళీ నింపేటప్పుడు ఎత్తు పెంచి 18 సెంటీమీటర్లు చేశాను, పడినా తక్కువ ఎత్తు నుంచి పడుతుందని. పక్క గాజుకి రెండు వెంటిలేషన్ రంధ్రాలు.

ఆ పనిలో దాని పొట్ట వెంట్రుకలు చేతికి తగిలి రెండు రోజులు దురద. కొబ్బరినూనె పని చెయ్యదు, సెల్లోటేపు అంటించి పీకితే కొంత నయం.

ఆగస్టు 15

తేడా లేదు. రాత్రంతా నడకే.

రెండో అనుమానం: అదురు. పెట్టె ఉన్న గోడకి అవతలే అపార్టుమెంటు నీళ్ళ మోటారు పైపు. అదురుని పట్టి చెప్పే పది రూపాయల పియెజో బిళ్ళ ఒకటి పెట్టె అడుగున అంటించి, బోర్డుకి కలిపి చూశాను. మోటారు వేసినప్పుడల్లా గ్రాఫు గడ్డిలా లేచింది. కుట్టుమిషను కింద వేసే రబ్బరు మ్యాటు నాలుగు ముక్కలు కోసి అడుగున పెట్టాక మూడొంతులు తగ్గింది.

కానీ మోటారు ఆడేది పొద్దున 6కి, సాయంత్రం 5కి. చిట్టెమ్మ నడిచేది రాత్రి. ఈ మాట పియెజో అంటించకముందే తట్టాల్సింది.

ఆగస్టు 20

ఇవాళ్టి సంగతి రాయడానికి కొంచెం సిగ్గు.

ప్లాంటులో ఏ రీడింగు తేడాగా వచ్చినా మేం మొదట చూసేది సెన్సారునే. ప్రాసెస్, అంటే జరిగే పనే పాడైందా, దాన్ని కొలిచి చెప్పేవాడు పాడయ్యాడా? కొత్తగా చేరిన కుర్రాళ్ళకి నేనే ఈ పాఠం చెబుతాను. ఇంట్లో మాత్రం రెండు నెలల నుంచి ఒక చవక సెన్సారు చెప్పిందల్లా నమ్మాను.

ఉప్పు పరీక్ష చేశాను. ఎవరైనా చెయ్యొచ్చు. గాలి చొరని డబ్బాలో చిన్న గిన్నె, అందులో వంట ఉప్పు, ముద్దయ్యేంత నీళ్ళు. ఉప్పు పూర్తిగా కరగకూడదు, తడి ఇసకలా ఉండాలి. పక్కన సెన్సారు పెట్టి మూత బిగించి ఎనిమిది గంటలు వదిలెయ్యాలి. మన గది వేడిలో లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది.

నా సెన్సారు 86 చూపించింది.

అంటే పదకొండు ఎక్కువ. 88 అన్నది నిజానికి 77. ఎండబెట్టిన తర్వాత 70 అన్నది నిజానికి 60 లోపే. తడి కానేకాదు. నేను వానలో పరిగెత్తి ఎండబెట్టినదంతా దండగ.

సరే, సెన్సారు తప్పు. అయినా సాలీడు నడుస్తూనే ఉంది. ప్రాసెస్‌లోనే ఏదో మారింది.

ఆగస్టు 24

దొరికింది.

జవాబు జూలై నుంచి ఫోనులోనే ఉంది. మే నెల ఫోటో, నిన్నటి ఫోటో పక్కపక్కన పెట్టి, ఏదో మారిందన్న అనుమానంతో కొలుస్తుంటే కనపడింది. కాళ్ళు పొడుగయ్యాయి, సన్నబడ్డాయి. పొట్ట చిన్నదైంది. అది తిండి లేక అనుకున్నా. కానీ నోటికి రెండు పక్కలా ఉండే చిన్న చేతులు, పాల్పులు, వాటి చివర చూడండి. మేలో అవి మామూలు కాలి వేళ్ళలా ఉన్నాయి. ఇప్పుడు బాక్సింగ్ గ్లవ్సు తొడుక్కున్నట్టు గుండ్రంగా ఉబ్బి, కిందకి ముడుచుకుని ఉన్నాయి. గాజుకి అతుక్కున్నప్పుడు కింద నుంచి టార్చి వేస్తే ఆ ఉబ్బు లోపల చిన్న ఎర్రటి ఉల్లిగడ్డ లాంటిది, దానికి వంగిన సూది ముక్కు. మొదటి జత కాళ్ళకి మోకాలి కింద, లోపలివైపు, రెండేసి కొక్కేలు. ఆడదాని కోరలని కలిసేటప్పుడు ఆపి పట్టుకోవడానికి.

చిట్టెమ్మ మగాడు.

జూలైలో విడిచినది దాని ఆఖరి కుబుసం. మగ టరాంటులా ఆ కుబుసంతో పెద్దవాడవుతుంది. ఆ తర్వాత తిండి మీద ధ్యాస ఉండదు, ఒకచోట నిలవడు. అడవిలో అయితే బొరియ వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ రాత్రిళ్ళు నడుస్తూనే ఉంటాడు. నడవడానికి ఇక్కడ 45 సెంటీమీటర్లే.

ఆడదని అంత గట్టిగా ఎలా నమ్మానంటే, పోయినేడాది కుబుసం చూసి. పొట్ట కింద ముందు జత పుస్తక ఊపిరితిత్తుల (పుస్తకం పుటల్లా పొరలుండే శ్వాస అవయవాల) మధ్య ఆడదానికి వీర్యం దాచుకునే చిన్న సంచి ఉంటుంది. ఎండిన చర్మంలో కనపడిన మడతని ఆ సంచి అనుకున్నా. ఇవాళ జూలై కుబుసాన్ని గిన్నెలో నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి గంట నానబెట్టి, బ్రష్షుతో విప్పి, భూతద్దం కింద చూశా. ఏ సంచీ లేదు. నానబెట్టకుండా తీర్పు చెప్పకండి.

మామ్మకి చెప్పాను. పది సెకన్లు ఆలోచించింది.

"మొగోడా! అందుకేట్రా, రాత్రిళ్ళు ఆ తిరుగుళ్ళు. నీ తాత కూడా అంతే."

నాన్న టీవీ సౌండు పెంచాడు.

సెప్టెంబరు 2

రాత్రి 1:40. వీక్లీ ఆఫ్, మెలకువగానే ఉన్నా.

కుండపెంకుకీ గాజుకీ మధ్య పట్టు దారంతో ఒక చిన్న ఉయ్యాల కట్టాడు, నా అరచేయంత, ఒక పక్క ఎత్తు. కట్టడానికే గంటన్నర. తర్వాత దాని కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాడు. కుబుసం అనుకుని గుండె ఆగింది. కాదు. పొట్ట అడుగుని ఉయ్యాలకి ఆనించి, తెల్లటి చుక్క ఒకటి దాని కింది వైపు అంటించాడు. మెల్లగా బయటికొచ్చి, పైకెక్కి, పాల్పులు రెండూ అంచు మీదుగా కిందకి దింపి ఆ చుక్కలో ముంచడం మొదలెట్టాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఇంకు పెన్ను నింపుతున్నట్టు. నలభై నిమిషాలు.

4 దాటాక ఉయ్యాలని తనే చింపి, తొక్కేసి, వెళ్ళి మూల కూర్చున్నాడు. ఆ రాత్రి ఇక గోడెక్కలేదు.

రెండు నెలల్లో మొదటిసారి నాకూ నిద్ర పట్టింది.

సెప్టెంబరు 11

మార్చినవి: పొట్టు ఇంకా పెంచి, మూతకి నేలకి మధ్య 10 సెంటీమీటర్లే ఉంచాను. జల్లెడ తీసి చిల్లుల అక్రిలిక్ మూత పెట్టాను, కాలి గోళ్ళు జల్లెడలో ఇరుక్కుంటే కాలే ఊడొస్తుంది, అతనికి మళ్ళీ మొలిపించుకునే కుబుసం లేదు. నీళ్ళు ఎప్పుడూ నిండుగా. పదిరోజులకోసారి చిన్న కీచురాయి, తింటే తింటాడు. 7న ఒకటి తిన్నాడు.

ఈ జాతిలో ఆడది ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది. మగవాడికి ఆఖరి కుబుసం తర్వాత ఏడాది, కాస్త అటూ ఇటూ. విజయవాడ మిత్రుడికి ఫోను చేశాను. వాడి దగ్గర ఇదే రకం ఆడది ఉంది, వేరే తల్లి పిల్ల, ఆగస్టు మొదట్లో కుబుసం విడిచి బాగా తింటోందట. "తీసుకురా, కానీ ఎండ తగ్గాక," అన్నాడు. ఆ లోపు ఒకటి పంపిస్తానన్నాడు.

సెప్టెంబరు 26

పార్సిల్ వచ్చింది. మాత్రల డబ్బాలో దూది మీద, అగ్గిపెట్టెంత పట్టు తునక. ఆడదాని బొరియ ముందు నుంచి కత్తిరించినది. ఆడదాని వాసన ఆ దారంలో ఉంటుంది.

పియెజో బిళ్ళ పెట్టె అడుగునే ఉంది, మోటారు కోసం అంటించినది. బోర్డుకి మళ్ళీ కలిపాను. ఎర్ర లైటు. రాత్రి 9:50కి పటకారుతో పట్టు తునకని అతని దారిలో పెట్టి మూత వేశా.

9:58కి ముందుకాలు దాని మీద పడింది. ఆగాడు. రెండో కాలు. పాల్పులతో తడిమాడు. ఒళ్ళంతా ఒక్కసారి వణికింది, మళ్ళీ వణికింది, తర్వాత పాల్పులు రెండూ నేల మీద దరువెయ్యడం మొదలెట్టాయి. గ్రాఫులో బారులు తీరిన గీతలు, గుత్తులు గుత్తులుగా, మధ్యలో విరామం. విరామంలో కదలకుండా నిలబడ్డాడు, అవతల నుంచి జవాబు వస్తుందేమోనని చూస్తున్నట్టు. మళ్ళీ దరువు. పదకొండు నిమిషాల్లో పద్నాలుగు గుత్తులు.

పక్క గదిలోంచి మామ్మ అడిగింది, ఏమైందిరా ఇంకా పడుకోలేదని.

"చిట్టెమ్మ తలుపు కొడుతోంది మామ్మా."

"మరి తియ్యి," అని అటు తిరిగి పడుకుంది.